లాసెట్‌కు పోయేవాళ్లకు బీఏ ఎంతవరకు పనికొస్తుంది: హనుమకొండ డిగ్రీ చదువుపై సమీక్ష

ఇంటర్ అయిపోయి "వకీలు అవుతా" అన్న పిల్లలకు వరంగల్, హనుమకొండ, జనగామ, కరీంనగర్ వైపు ఇండ్లలో ముందుగా వినిపించే మాట "ఏదో ఒక డిగ్రీ కానియ్యి, తర్వాత లాసెట్ రాద్దువు" అని. లాసెట్ అంటే లా కోర్సుల ప్రవేశ పరీక్ష. నిబంధనల ప్రకారం ఆ మాట నిజమే. మూడేళ్ల ఎల్‌ఎల్‌బీకి ఏ డిగ్రీ అయినా సరే. జనరల్ వాళ్లకు 45 శాతం, బీసీలకు 42, ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం మార్కులు ఉంటే చాలు. డిగ్రీ మార్కులు ర్యాంకులో కలవవు కూడా. కానీ ఆ మూడేళ్లు ఏం చదివారో, ఎట్లా చదివారో లా కాలేజీ మొదటి సెమిస్టర్‌లోనే బయటపడుతుంది. అందుకే కాకతీయ యూనివర్సిటీ పరిధిలోని కాలేజీల్లో రెగ్యులర్‌గా చదివే బీఏను ఈ ఒక్క కోణంలో పరిశీలిస్తున్నాం. ఉద్యోగానికి, గ్రూప్స్‌కు, బీఈడీకి ఎట్లా ఉంటుందన్నది వేరే సంగతి. లా చదువుకు ఇది ఎంత గట్టి పునాది అన్నదే ఇక్కడి ప్రశ్న.

తీర్పు ముందే చెప్తాం. విషయం వరకు చూస్తే పొలిటికల్ సైన్స్, హిస్టరీ ఉన్న బీఏను మించిన డిగ్రీ మన దగ్గర లేదు. లోపాలు రెండు. లా పరీక్షలో అడిగే తరహా జవాబు రాయడం ఇందులో ఎక్కడా నేర్పరు. చట్టాన్ని ఇంగ్లిషులో చదివే అలవాటు దానంతట అది రాదు. ఈ రెండూ విద్యార్థి సొంతంగా నింపుకోవలసినవి. నింపుకుంటే ఈ మూడేళ్లూ దండిగా పనికొస్తాయి. లేకపోతే మంచి మార్కుల మెమోతో లా కాలేజీకి పోయి కాంట్రాక్ట్ యాక్ట్ పుస్తకం ముందు బిత్తరపోవాల్సి వస్తుంది.

ముందు పొలిటికల్ సైన్స్. రాజనీతి సిద్ధాంతం పేపర్లో సార్వభౌమాధికారం, చట్టం, హక్కులు, స్వేచ్ఛ, సమానత్వం, న్యాయం అనే పాఠాలుంటాయి. పిల్లలు వీటిని ఉత్త నిర్వచనాలుగా బట్టీ పట్టి వదిలేస్తారు. ఎల్‌ఎల్‌బీలో జ్యూరిస్‌ప్రుడెన్స్ (చట్టం గురించిన సిద్ధాంతాలు) పేపర్ తెరిస్తే అవే మళ్లీ ఎదురవుతాయి. బీఏలో సార్వభౌమాధికారం కింద చదివిన ఆస్టిన్ అనే న్యాయవేత్త, అక్కడ "చట్టమంటే సార్వభౌముడి ఆజ్ఞ" అన్న సిద్ధాంతంతో మొదటి పాఠంగా వస్తాడు. అధికారాల విభజన గురించి మాంటెస్క్యూ చెప్పింది, చట్టబద్ధ పాలన గురించి డైసీ చెప్పింది అడ్మినిస్ట్రేటివ్ లా పేపర్లో తిరిగొస్తాయి. బీఏలో ఈ పాఠాలను అర్థం చేసుకుని చదివినవాళ్లకు అక్కడ కొత్తగా మొదలుపెట్టే పని ఉండదు. బీటెక్, బీఎస్సీ చేసి వచ్చినవాళ్లు తెలివైనవాళ్లే అయినా ఈ పేపర్ల దగ్గర తడబడేది అందుకే.

భారత రాజ్యాంగం, ప్రభుత్వం, రాజకీయాల పేపర్ ఇంకా ముఖ్యం. లాసెట్‌లో ఎక్కువ మార్కులున్న భాగానికీ, లా కాలేజీలో రాజ్యాంగ చట్టం పేపర్‌కీ రెండింటికీ ఇదే మూలం. కాకపోతే డిగ్రీ పుస్తకం ఎక్కడ ఆగిపోతుందో తెలుసుకోవాలి. ఉదాహరణకు స్వేచ్ఛా హక్కు చూడండి. డిగ్రీ పుస్తకం 19వ అధికరణం కింది ఆరు స్వేచ్ఛలను వరసగా చెప్పి "వీటికి సహేతుకమైన పరిమితులు ఉన్నాయి" అని ముగిస్తుంది. పరీక్షలో అంతే రాస్తే మార్కులు పడతాయి. లా మొదలయ్యేది మాత్రం ఆ వాక్యం దగ్గరే. 19(1)(ఎ)లో ఉన్న వాక్ స్వాతంత్ర్యాన్ని దేని ఆధారంగా తగ్గించవచ్చో 19(2)లో లెక్కగా ఉంది: దేశ సార్వభౌమత్వ సమగ్రతలు, రాజ్య భద్రత, విదేశాలతో స్నేహ సంబంధాలు, శాంతిభద్రతలు, సభ్యత లేదా నైతికత, కోర్టు ధిక్కారం, పరువు నష్టం, నేరానికి పురికొల్పడం. ఈ ఎనిమిదింటిలో ఏదో ఒకదాని కిందికి రాని కారణం చూపి ప్రభుత్వం నోరు మూయించాలని చూస్తే అది చెల్లదు. ఈ ఒక్క సంగతి తలకెక్కితే రాజ్యాంగాన్ని చూసే తీరే మారిపోతుంది. కాబట్టి ఈ పేపర్ చదివేటప్పుడు పక్కన రాజ్యాంగం పుస్తకం తెరిచి ఉండాలి. దీనికి అధికారిక తెలుగు అనువాదం కూడా ఉంది. పాఠంలో అధికరణం నంబరు కనిపించినప్పుడల్లా అసలు పాఠం చదివి, ఉపఖండాలు, మినహాయింపులు మార్జిన్‌లో రాసుకోవాలి. సెమిస్టర్ మొత్తానికి ఇట్లా చదవాల్సినవి 12 నుంచి 35 వరకు, 124, 136, 141, 142, 214, 226, 300ఎ, 356, 368 అధికరణాలు. అంతకన్నా ఎక్కువ అక్కర్లేదు.

జీవించే హక్కు, వ్యక్తి స్వేచ్ఛ గురించిన 21వ అధికరణాన్ని మాత్రం తీర్పుల వరసలో చదవాలి. 1950లో గోపాలన్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని ఇరుకుగా చూసింది. 1978లో మేనకా గాంధీ కేసులో ప్రభుత్వం అనుసరించే పద్ధతి న్యాయంగా, సహేతుకంగా ఉండి తీరాలని చెప్పింది. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కేనన్నారు. అధికరణంలో ఒక్క అక్షరం మారకుండానే దాని అర్థం ఇంత దూరం నడిచింది. రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని పార్లమెంటు మార్చలేదన్న కేశవానంద భారతి తీర్పు 1973 ఏప్రిల్ 24న 13 మంది ధర్మాసనంలో 7–6 తేడాతో వచ్చిందని బిట్లలో అందరూ చదువుతారు. ఆ ఏడుగురు ఏమన్నారు, ఆ ఆరుగురు ఎందుకు ఒప్పుకోలేదు అని బీఏలోనే ఓసారి చదివి పెట్టుకుంటే లా కాలేజీలో చాలా బరువు తగ్గుతుంది.

ఇక హిస్టరీ. దీన్ని తేదీల సబ్జెక్టని చిన్నచూపు చూస్తారు కానీ, ఉత్తర తెలంగాణలో ప్రాక్టీసు పెట్టాలనుకునేవాళ్లకు ఇంత పనికొచ్చే సబ్జెక్టు ఇంకోటి లేదు. మన జిల్లా కోర్టుల్లో భూమి దావాలు ఎన్నో. వాటి మూలాలు హైదరాబాద్ రాష్ట్ర చరిత్రలోనే ఉన్నాయి. జాగీర్దారీ, వెట్టి, 1946–51 సాయుధ పోరాటం, 1949లో జాగీర్ల రద్దు, 1950 నాటి హైదరాబాద్ కౌలుదారీ చట్టం – ఈ పాఠాలు సెమిస్టర్ పరీక్షలో వ్యాస ప్రశ్నలు, కోర్టులో కేసు కాగితాలు. 38-ఇ సర్టిఫికెట్ అనే మాట వరంగల్ బార్‌లో కొత్తగా చేరిన జూనియర్ కూడా త్వరలోనే వింటాడు. రక్షిత కౌలుదారుకు యాజమాన్యం బదిలీ చేసే సెక్షన్ అది. అదే చట్టం గురించి బీఏలో చదివినవాళ్లు, కౌలుదారును రక్షించాల్సిన అవసరం ఎందుకొచ్చిందో కూడా తెలిసి ఆ ఫైలు పట్టుకుంటారు. తెల్లకాగితం మీద రాసుకున్న సాదా బైనామాలు ఊళ్లల్లో ఇంతగా ఎందుకున్నాయి, 2020లో ధరణి చట్టం, 2025లో భూభారతి చట్టం వరసగా ఎందుకు వచ్చాయి అన్నవాటికి కూడా జవాబు వెతకాల్సింది ఆ చరిత్రలోనే.

ములుగు, ఏటూరునాగారం, తాడ్వాయి వైపు పిల్లలకైతే ఇది ఇంకా దగ్గరి సంగతి. అందరి నోళ్లలో "వన్ సెవెంటీ" అని నలిగే చట్టం 1959 నాటి భూబదలాయింపు నిబంధనకు 1970లో వచ్చిన సవరణ. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపేది అదే. షెడ్యూల్డ్ ప్రాంతాల పాలన గురించిన రాజ్యాంగం ఐదో షెడ్యూల్, ఈ నిబంధన, ఆ ప్రాంతాల భూములపై 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పు – మూడింటినీ కలిపి చదివితే రాజ్యాంగం ఒక ఊరి పొలం గట్టు దాకా ఎట్లా వస్తుందో తెలుస్తుంది. డిగ్రీ పాఠంలో ఇవి ముక్కలు ముక్కలుగానే ఉంటాయి. కలుపుకోవాల్సింది చదివేవాళ్లే.

మూడో సబ్జెక్టుగా ఎకనామిక్సా, పబ్లిక్ అడ్మినిస్ట్రేషనా అని చాలామంది అడుగుతారు. పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ తేలిక. కలెక్టర్, ఆర్డీవో, తహసీల్దార్ అధికారాల వరస అందులో వస్తుంది, రెవెన్యూ కేసులకు అది అక్కరకొస్తుంది. అయినా మా ఓటు ఎకనామిక్స్‌కే. కారణం చెప్పి ఫలితం రాబట్టే ఆలోచన అందులో ఉంది. పన్నులు, కంపెనీలు, బ్యాంకుల చట్టాల వైపు పోవాలనుకునేవాళ్లకు తర్వాత అదే ఆసరా. గ్రాఫులంటే మరీ భయమైతే పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ తీసుకున్నా నష్టపోయేదేం లేదు.

పుస్తకాల విషయంలో తెలుగు మీడియం వాళ్లకు తెలుగు అకాడమి డిగ్రీ పుస్తకాలే ఇప్పటికీ మేలు. భాష కొంచెం బిగుతుగా ఉన్నా విషయం నమ్మదగ్గది. సెమిస్టర్ చివర హనుమకొండ చౌరస్తాలో కొనే ప్రశ్నలు–జవాబుల గైడ్లు పాసు కావడానికి చాలు. కానీ మూడేళ్లూ వాటి మీదే నడిపినవాళ్ల రాతలో ఒక గుర్తు ఉంటుంది: "ఉపోద్ఘాతం, అర్థం, నిర్వచనాలు, లక్షణాలు, ముగింపు" అనే అచ్చు. ఏ ప్రశ్న ఇచ్చినా ఆ అచ్చులోనే పోస్తారు. లా పరీక్షలో ఆ అచ్చు ఎక్కడ విరుగుతుందో దగ్గరగా చూద్దాం.

లా పేపర్లో వ్యాసాలు, షార్ట్ నోట్స్‌తో పాటు సమస్యలు కూడా ఇస్తారు. అంటే నాలుగు వాక్యాల్లో ఒక సంఘటన చెప్పి "తేల్చండి" అంటారు. ఇట్లాంటిదే ఒకటి: హంటర్ రోడ్డులోని మెకానిక్‌కు రాజు తన బండి రిపేరుకు ఇచ్చాడు. బిల్లు నాలుగు వేలు అయ్యింది. పైసలు కట్టేదాకా బండి ఇవ్వనన్నాడు మెకానిక్. రాజు రాత్రిపూట వచ్చి, అడగకుండా తన బండి తాను తీసుకుపోయాడు. ఇది దొంగతనమా?

గైడు అలవాటున్న విద్యార్థి దొంగతనం నిర్వచనం రాసి, శిక్ష రాసి, "బండి రాజుదే కాబట్టి దొంగతనం కాదు" అని ముగిస్తాడు. తప్పు. ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షన్‌ను ముక్కలు చేసి చదవాలి. ఒకటి, నిజాయితీ లేని ఉద్దేశం ఉండాలి. రెండు, అది చరాస్తి కావాలి. మూడు, ఇంకొకరి స్వాధీనంలోంచి తీయాలి. నాలుగు, వాళ్ల సమ్మతి ఉండకూడదు. ఐదు, అట్లా తీయడానికి దాన్ని కదిలించాలి. సెక్షన్‌లో "ఇంకొకరి సొత్తు" అని ఎక్కడా లేదు, ఉన్నది "స్వాధీనం". బండి రాజుదే అయినా అప్పటికి స్వాధీనం మెకానిక్‌ది. పైగా ఆ స్వాధీనం చట్టబద్ధమైనదే. 1872 నాటి కాంట్రాక్ట్ యాక్ట్ 170వ సెక్షన్ ప్రకారం, వస్తువు మీద తన పనితనం పెట్టినవాడు, వేరే ఒప్పందం ఏదీ లేకపోతే, కూలి అందేదాకా ఆ వస్తువును పట్టి ఉంచుకోవచ్చు. ఆ హామీని పోగొట్టాలనే రాజు బండి తీశాడు కాబట్టి ఉద్దేశం కూడా తేలింది. ఐదూ కుదిరాయి, ఇది దొంగతనమే. ఇక ప్రశ్నలో ఒక్క సంగతి మార్చండి – బిల్లు ముందే కట్టేశాడు, మెకానిక్ ఊరికే జాప్యం చేస్తున్నాడు అనుకోండి. అప్పుడు మొదటి ముక్క పడిపోతుంది, దొంగతనం కాదు. సెక్షన్ కింద ఇచ్చిన గడియారం ఉదాహరణలు సరిగ్గా ఈ తేడానే చెప్తాయి. గైడ్లలో ఆ ఉదాహరణలను వదిలేస్తారు. బేర్ యాక్ట్, అంటే వ్యాఖ్యానం లేని అసలు చట్టం పుస్తకం, కొనుక్కోవాలనేది ఇందుకే.

ఈ రాత బీఏలో ఏ పేపర్‌లోనూ అడగరు. అడగరు కాబట్టి ఎవరూ నేర్పరు. ఇది కాలేజీ తప్పు కాదు, కోర్సు కట్టిన తీరే అంత. సొంతంగా చేయాల్సింది చిన్నదే: ఆఖరి ఏడాదిలో వారానికి ఒక సెక్షన్ తీసుకుని, పైన చేసినట్టు ముక్కలు చేసి, కింద ఉన్న ఉదాహరణలో ఒక్కో సంగతి మార్చుతూ జవాబు రాయాలి. గొడవ ఏమిటి, ఏ సెక్షన్, ఈ సంగతులకు అది ఎట్లా వర్తిస్తుంది, చివరికి తేలిందేమిటి – ఈ వరసలో అర పేజీ. మొదలుపెట్టడానికి కాంట్రాక్ట్ యాక్ట్ 2, 10, 11, 23, 25 సెక్షన్లు, న్యాయ సంహితలో దొంగతనం, మోసం, ఆత్మరక్షణ హక్కు సెక్షన్లు చాలు. మైనర్‌తో ఒప్పందం మొదటి నుంచే చెల్లదని చెప్పిన 1903 నాటి మొహరీ బీబీ కేసు కూడా 11వ సెక్షన్‌తో కలిపి చదివేయాలి. ఎల్‌ఎల్‌బీలో అడుగు పెట్టగానే ఎదురయ్యే కేసుల్లో అదొకటి.

ఇంగ్లిషు సంగతి సూటిగా మాట్లాడుకుందాం. 348వ అధికరణం ప్రకారం సుప్రీంకోర్టులో, మన తెలంగాణ హైకోర్టులో వ్యవహారమంతా ఇంగ్లిషులోనే. చట్టాలు, తీర్పులు, మంచి వ్యాఖ్యాన గ్రంథాలు ఎక్కువగా ఇంగ్లిషువే. తెలుగు మీడియంలో బీఏ చేసినవాళ్లు వెనకబడేది తెలివిలో కాదు, ఈ వాక్యాల పొడవు దగ్గర. స్పోకెన్ ఇంగ్లిష్ కోర్సులకు కట్టే ఫీజు దీనికి అక్కరకు రాదు. చట్టం ఇంగ్లిషు వేరు. ఇండియా కోడ్ వెబ్‌సైట్‌లో కేంద్ర చట్టాలన్నీ ఉచితంగా ఉన్నాయి. రోజుకు ఒక సెక్షన్ చేత్తో నోట్‌బుక్‌లో రాయాలి. రాస్తూ "షల్", "మే", "అండ్", "ఆర్", "అన్‌లెస్" అనే మాటల కింద గీత పెట్టాలి. "షల్" ఉంటే చేసి తీరాలి, "మే" ఉంటే సాధారణంగా విచక్షణ. "అండ్" ఉంటే షరతులన్నీ కుదరాలి, "ఆర్" ఉంటే ఒకటి కుదిరినా చాలు. "ప్రొవైడెడ్ దట్" అని మొదలయ్యే భాగం పైన చెప్పినదాంట్లోంచి కొంత మినహాయిస్తుంది. ఈ అలవాటు పట్టుబడితే పెద్ద వాక్యం చూసి బెదరడం పోతుంది. సుప్రీంకోర్టు తీర్పులు కూడా ఈ-ఎస్‌సీఆర్ అనే వెబ్‌సైట్‌లో ఉచితమే. కొన్నింటికి తెలుగు అనువాదాలూ ఉన్నాయి. రెండూ పక్కపక్కన పెట్టుకుని ముందు సంగతుల భాగం, తర్వాత కోర్టు తన ముందున్న ప్రశ్న చెప్పిన పేరా, చివరికి ఆదేశం చదవాలి. మధ్యలోని వాదనలు రెండో విడతలో చదువుకోవచ్చు.

అట్లాగని తెలుగును తక్కువ చేసుకోవద్దు. కింది కోర్టుల్లో సాక్షులు చెప్పేది తెలుగులోనే. క్లయింటు చెప్పే కథలోంచి అసలు సంగతి పట్టుకోవడం, కాగితం మీద స్పష్టంగా పెట్టడం తెలుగు బాగా వచ్చినవాళ్లు చేయగలిగినంత బాగా వేరేవాళ్లు చేయలేరు. హనుమకొండలో చదివేవాళ్లకు ఇంకో వసతి కూడా ఉంది. అదాలత్ దగ్గర కోర్టు బస్సు దిగి నడిచిపోయేంత దూరమే. కోర్టులు బహిరంగంగా నడవాలన్నది చట్టం, సివిల్ ప్రొసీజర్ కోడ్ 153-బి సెక్షన్ అదే చెప్తుంది. సెలవు లేని రోజు ఉదయం కేసులు పిలిచే వేళకు పోయి వెనక బెంచీలో నిశ్శబ్దంగా కూర్చోవచ్చు. ఫోన్ ఆఫ్‌లో ఉండాలి. సాక్షిని క్రాస్ చేస్తున్న, అంటే ఎదుటి పక్షం వకీలు ప్రశ్నిస్తున్న కోర్టు హాలు వెతుక్కోవాలి. వరసగా వాయిదాలు మాత్రమే పడే చోట కూర్చుంటే నేర్చుకునేది తక్కువ.

లాసెట్ పరీక్షకు బీఏ ఎంత సాయం చేస్తుందో చూద్దాం. 120 ప్రశ్నలు, 120 మార్కులు, 90 నిమిషాలు, కంప్యూటర్ మీద. జనరల్ నాలెడ్జ్, మెంటల్ ఎబిలిటీకి 30, కరెంట్ అఫైర్స్‌కు 30, లా చదవడానికి తగిన యోగ్యతను పరీక్షించే భాగానికి 60. నెగెటివ్ మార్కులు లేవు. అర్హతకు 35 శాతం, అంటే 42 మార్కులు రావాలి. ఎస్సీ, ఎస్టీలకు ఆ కనీస మార్కుల నిబంధన లేదు. 60 మార్కుల భాగంలో రాజ్యాంగం ప్రశ్నలు బీఏ వాళ్లకు చేతికందే పండ్లే. చట్ట సూత్రాలు, లాటిన్ మాటలు, చిన్న చిన్న సమస్యలు మాత్రం విడిగా చదవాలి. ఒక్కో ప్రశ్నకు సగటున 45 సెకన్లే ఉంటాయి కాబట్టి ముందు ఆ 60 ప్రశ్నల భాగం ముగించి, తర్వాత కరెంట్ అఫైర్స్, చివర మెంటల్ ఎబిలిటీ చేయడం మంచిది. సిరీస్, కోడింగ్ లెక్కల దగ్గర కూర్చుండిపోయి తెలిసిన రాజ్యాంగం ప్రశ్నలకు టైం లేకుండా చేసుకోవడమే ఎక్కువగా జరిగే తప్పు. ప్రశ్న తెలుగులోనూ ఇంగ్లిషులోనూ కనిపిస్తుంది. తెలుగు వాక్యం అడ్డదిడ్డంగా అనిపిస్తే ఇంగ్లిషుది చూడాలి. తెలియని ప్రశ్నను కూడా ఖాళీ వదలొద్దు.

గైడు కొనేటప్పుడు ఒక పరీక్ష పెట్టండి. నేరాల చాప్టర్ తెరిచి హత్యకు శిక్ష ఏ సెక్షనో చూడండి. 302 అని మాత్రమే ఉంటే ఆ పుస్తకం పాతది, అక్కడే పెట్టేసి రండి. 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. 511 సెక్షన్లు 358 అయ్యాయి, హత్యకు శిక్ష 103లో, మోసం 318లో ఉన్నాయి. సీఆర్‌పీసీ స్థానంలో 531 సెక్షన్ల నాగరిక సురక్షా సంహిత, సాక్ష్య చట్టం స్థానంలో 170 సెక్షన్ల సాక్ష్య అధినియం వచ్చాయి. అయితే ఆ తేదీకి ముందు జరిగిన నేరాలు ఇప్పటికీ ఐపీసీ కిందే విచారణకు వస్తాయి కాబట్టి ముఖ్యమైన సెక్షన్లకు పాత, కొత్త నంబర్లు రెండూ ఉన్న పట్టిక ఉన్న గైడు దొరికితే అదే కొనాలి. కోచింగ్ విషయానికొస్తే, పొలిటికల్ సైన్స్ శ్రద్ధగా చదివిన బీఏ విద్యార్థికి రెండు నెలల క్రాష్ కోర్సు అవసరం లేదని మా అభిప్రాయం. అధికారిక వెబ్‌సైట్‌లోని నమూనా పరీక్ష, పాత ప్రశ్నపత్రాలు, రోజూ ఒక మంచి దినపత్రిక సరిపోతాయి.

బీఏ వద్దనుకునేవాళ్ల కోసం కొంచెం. బీకామ్‌లో బిజినెస్ లా పేపర్ ఉంటుంది. కాంట్రాక్ట్, సేల్ ఆఫ్ గూడ్స్ చట్టాలు అక్కడే పరిచయం అవుతాయి, జీఎస్టీ వైపు పోయేవాళ్లకు అది మంచి దారి. పేటెంట్ ఏజెంటు కావాలంటే సైన్స్, ఇంజినీరింగ్, లేదా టెక్నాలజీ డిగ్రీ ఉండి తీరాలి. ఆ కోరిక ఉన్నవాళ్లు బీఏలో చేరితే తర్వాత ఆ తలుపు మూసుకుపోతుంది. ఇంటర్ తర్వాత నేరుగా ఐదేళ్ల కోర్సుకు పోతే ఒక ఏడాది మిగులుతుంది. వకీలే కావాలని గట్టిగా తేల్చుకున్నవాళ్లకు అదే సరైనది. తేల్చుకోనివాళ్లకు మూడు ప్లస్ మూడు మేలు. మూడేళ్లకు చేతిలో డిగ్రీ ఉంటుంది, మనసు మారితే వేరే దారి పట్టొచ్చు. జడ్జి కావాలనుకునేవాళ్లు ఇంకో లెక్క కూడా వేసుకోవాలి: 2025 మే 20 నాటి సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలి.

ఓపెన్ యూనివర్సిటీ డిగ్రీ విషయంలో మాత్రం జాగ్రత్త. దూరవిద్యలో చదివిన డిగ్రీని బార్ కౌన్సిల్ 2008 నిబంధనలు ఒప్పుకుంటాయి. ఒప్పుకోనిది, కింది చదువు లేకుండా నేరుగా ఓపెన్ వర్సిటీలో చేరి తెచ్చుకున్న డిగ్రీని. పది, ఇంటర్, తర్వాత డిగ్రీ అనే వరస ఉంటే ఇబ్బంది లేదు. ఇంటర్ లేకుండా ప్రవేశ పరీక్ష రాసి ఓపెన్ డిగ్రీ చేసినవాళ్లు లాసెట్ ఫీజు కట్టకముందే ఈ నిబంధన చదువుకోవాలి.

చేరే దగ్గర, బయటికొచ్చే దగ్గర కూడా కొన్ని చిక్కులున్నాయి. బీఏ సీటు దోస్త్ (డిగ్రీ ప్రవేశాల ఆన్‌లైన్ విధానం) ద్వారానే. మొదటి విడత రిజిస్ట్రేషన్ 200 రూపాయలు, ఆలస్యం చేసి తర్వాతి విడతకు పోతే 400. ఆధార్‌కు లింకైన ఫోన్ నంబరు చేతిలో ఉండాలి. వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు కాలేజీ పేరు మాత్రమే చూసి నొక్కేస్తే కోరని సబ్జెక్టులు వచ్చి పడతాయి. కాలేజీ, మీడియం, సబ్జెక్టుల కలయిక మూడూ సరిచూసుకున్నాకే సేవ్ చేయాలి. సీటు వచ్చాక గడువులోగా ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ చేయకపోతే అది పోతుంది. ప్రభుత్వ కాలేజీ దొరికితే దానికే మొగ్గాలి. ఫీజు తక్కువ అన్నదొక్కటే కాదు, లైబ్రరీ ఉంటుంది, పర్మనెంటు లెక్చరర్లు ఉండే అవకాశం ఎక్కువ. "పరీక్షలకు వస్తే చాలు" అని చేర్చుకునే చోట పైన చెప్పిన చదువేదీ సాగదు. స్కాలర్‌షిప్‌కు కావాల్సిన 75 శాతం హాజరు కూడా ఇబ్బందవుతుంది.

ఆఖరి సెమిస్టర్ రాస్తూనే లాసెట్ రాయొచ్చు. కానీ కౌన్సెలింగ్ నాటికి అన్ని సెమిస్టర్లూ పాసైన మెమోలు, ప్రొవిజినల్, టీసీ, స్కూలు నుంచి డిగ్రీ దాకా స్టడీ సర్టిఫికెట్లు, కులం, ఆదాయం పత్రాలు సిద్ధంగా ఉండాలి. రెండో సెమిస్టర్‌లో వదిలేసిన ఒక్క బ్యాక్‌లాగ్ వల్ల మంచి ర్యాంకు వచ్చి కూడా ఏడాది పోగొట్టుకునేవాళ్లు ఉంటారు. కొత్త సెమిస్టర్ చదువు కన్నా ముందు ఆ బ్యాక్‌లాగ్ తీర్చుకోవాలి. ప్రైవేటు కాలేజీల్లో ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదని టీసీ ఆపడం మామూలైపోయింది కాబట్టి, ఆఖరి సెమిస్టర్ పరీక్ష ఫీజు కట్టే రోజే ఆఫీసులో తమ పేరు మీద ఎంత బాకీ చూపిస్తున్నారో, సర్కారు నుంచి రావాల్సింది ఎంతో, తాము కట్టాల్సింది ఎంతో వేరువేరుగా రాయించుకుని, ఆ కాగితం మీద కాలేజీ ముద్ర వేయించుకోవాలి.